పోస్టు ఉంది, మనిషి లేదు: విజయవాడ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది గురించి అధికారులకు బహిరంగ లేఖ

నగరంలోని ఆరోగ్య కేంద్రాలకు, వార్డు సచివాలయాలకు ఆరోగ్య సిబ్బందిని కేటాయించే అధికారులందరికీ,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా (ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా), తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైర్ అయినదాన్ని. విజయవాడలో ఒక కొండ కింద ఉంటున్నాను. ఏ కొండో, ఏ డివిజనో కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున ఫోన్ వెళ్లేది అక్కడ పనిచేసే అమ్మాయికే. ఆమె చేతిలో లేని పనికి ఆమె మెమో తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

సోమవారం అర్జీల్లో ఈ విషయం మూడుసార్లు ఇచ్చాను. మొదటిసారి జవాబు రాలేదు. రెండోసారి 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. మూడోసారి కాగితం పట్టుకుని నేరుగా వెళితే, సీట్లో ఉన్నాయన కంప్యూటర్‌లో చూసి, "మీ సెంటర్‌లో ఖాళీ లేదమ్మా, పోస్టులన్నీ ఫిల్ అయ్యే ఉన్నాయి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. పోస్టు నిండే ఉంది. ఆ పోస్టులో ఉన్న మనిషి ఎనిమిది నెలలుగా వేరే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఎంట్రీలు కొడుతోంది. జీతం ఇక్కడ, పని అక్కడ. పక్క సచివాలయం ఏఎన్ఎంకి మా ఏరియా ఇన్‌చార్జి ఇచ్చారు. అంటే కాగితం మీద ఇద్దరు, కొండ మీద అరమనిషి.

అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను. ముందు సంగతులు చెబుతాను, అడగాల్సినవి తర్వాత అడుగుతాను.

1. మీ కొలతలు మీకు తెలుసు. జనం కోసం ఒకసారి చెప్పుకోవాలి. పల్లెల్లో మైదాన ప్రాంతమైతే 5,000 మందికి ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉండాలి. అదే కొండ ప్రాంతం, ఏజెన్సీ అయితే 3,000కు సబ్ సెంటర్, 20,000కు పీహెచ్‌సీ. కొండల్లో నడక ఎక్కువ, ఇళ్లు దూరం, అందుకని మనిషి మీద భారం తగ్గించారు. ఇది న్యాయమైన ఆలోచన. పట్టణాలకు 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చాక 50,000 మందికి ఒక అర్బన్ హెల్త్ సెంటర్, 10,000 మందికి ఒక ఏఎన్ఎం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త అన్నారు. మన రాష్ట్రంలో సచివాలయాలు పెట్టాక సుమారు 4,000 మందికి ఒక వార్డు సచివాలయం, అందులో ఒక ఆరోగ్య కార్యదర్శి, అంటే ఏఎన్ఎం. ఆ మాటకొస్తే దేశం కొలత కంటే మనదే మెరుగు. ఒప్పుకుంటాను.

కానీ పట్టణం కొలతలో కొండ అనే మాటే లేదు. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండల మీద ఎన్ని వేల కుటుంబాలు ఉంటున్నాయో మీరు కారులో వెళ్తూ కూడా చూడొచ్చు, రాత్రిపూట లైట్లే చెబుతాయి. పాడేరులో కొండెక్కితే అది కొండ, విజయవాడలో కొండెక్కితే అది వార్డు. అక్కడ కొండకు విలువ కట్టినవాళ్లు ఇక్కడ ఎందుకు కట్టలేదంటే, పట్టణం అంటే చదునుగా ఉంటుందని ఎవరో ఢిల్లీలో అనుకుని ఉంటారు. ఇక్కడ మనమూ సరిచేసుకోలేదు.

2. ఇప్పుడు పని లెక్క. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నా డైరీలోది. ఏడాదికి 365 రోజులు. ఆదివారాలు 52 పోతే 313. పండగ సెలవులు ఓ 20, క్యాజువల్ లీవులు 15 తీస్తే 278. బుధ, శనివారాలు టీకాల రోజులు, అవి సుమారు 100. మిగిలింది 178. ప్రతి నెలా 9వ తేదీ గర్భిణుల పరీక్షల రోజు, ఒక రివ్యూ మీటింగ్, రిపోర్టులకు తక్కువలో తక్కువ రెండు రోజులు, మొత్తం ఏడాదికి 48. ఇక 130. పల్స్ పోలియో, ఫీవర్ సర్వేలు, పై నుంచి వచ్చే స్పెషల్ క్యాంపులకు 20 రోజులు వేసినా (నిజానికి ఇంకా ఎక్కువే) ఇంటింటికీ తిరగడానికి చేతిలో ఉండేది 110 రోజులు.

ఆమె కింద 1,000 ఇళ్లు అనుకుందాం. చదునైన కాలనీలో రోజుకు 40 ఇళ్లు చూడొచ్చు. బీపీ చూసి, షుగర్ చూసి, యాప్‌లో ఎక్కించి, ఇంట్లో వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి. 25 రోజుల్లో ఒక రౌండ్ అయిపోతుంది, ఏడాదికి నాలుగుసార్లు ప్రతి గడపా తొక్కొచ్చు. అదే కొండ మీద రోజుకు 17 ఇళ్లు దాటితే గొప్ప. నేను మంచి వయసులో ఉన్నప్పుడు చేసిన లెక్క ఇది, ఇప్పటి మోకాళ్లతో చెప్పడం లేదు. ఒక రౌండ్‌కి దాదాపు 60 రోజులు. ఏడాదికి రెండుసార్లు కూడా పూర్తవదు. ఇది పూర్తి మనిషి ఉంటే. ఇన్‌చార్జి మీద నడిచే చోట ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఈ ఇద్దరు ఏఎన్ఎంలనూ నెలాఖరు మీటింగ్‌లో పక్కపక్కన నిలబెట్టి, శాతాలు చదివి, ఒకరికి చప్పట్లు, ఒకరికి చీవాట్లు పెడతారు. నేనూ సూపర్‌వైజర్‌గా ఆ చీవాట్లు పెట్టినదాన్నే. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

3. టీకాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పైనుంచి చూసేవాళ్లకు ఇది కనపడదు. మీజిల్స్ రూబెల్లా టీకా సీసా ఒకసారి కలిపాక నాలుగు గంటలు దాటితే పారబోయాల్సిందే. ఐస్ ప్యాకులతో వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని ఆమె కొండ మొదట్లో ఏదో ఒక అరుగు మీద కూర్చుంటుంది. పై వరసల తల్లులే దిగి రావాలి. కూలికి వెళ్లే తల్లి తొమ్మిది నెలల బిడ్డను చంకనేసుకుని దిగి, మళ్లీ ఎక్కి, ఆ పూట పని పోగొట్టుకోవాలి. రాని పిల్లల కోసం ఆశా పైకి పరిగెత్తాలి. ఆశా కూడా లేని వరసలో ఆ బిడ్డ పేరు డ్యూ లిస్టులో, అంటే టీకా వేయాల్సినవాళ్ల జాబితాలో, నెల తర్వాత నెల అలాగే ఉండిపోతుంది. దానికి రాసే కారణం ఎప్పుడూ ఒక్కటే: 'తల్లిదండ్రులు నిరాకరించారు'. నిరాకరించలేదండీ. దిగలేకపోయారు.

4. ఇక నన్ను ఈ లేఖ రాయించిన విషయం. పోయిన వానాకాలంలో ఒక రాత్రి తొమ్మిది గంటలప్పుడు పై వరస నుంచి పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నర్సమ్మగారూ, మా పిన్నికి గుర్రపు వాతం వచ్చింది, రండి" అన్నాడు. గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌ని అలా అంటారు. నేను ఆ మెట్లెక్కేసరికి ఆ అమ్మాయికి రెండోసారి ఫిట్స్ వస్తున్నాయి. ఎనిమిదో నెల. కాళ్లూ ముఖమూ ఉబ్బి ఉన్నాయి. ఆ వాపు ఒక్క రోజులో వచ్చింది కాదు. తల్లీబిడ్డల కార్డు అడిగితే వాళ్ల అత్తగారు ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చింది. ఐదో నెల వరకూ బీపీ, బరువు, మూత్రం పరీక్ష అన్నీ రాసి ఉన్నాయి. ఆ తర్వాత గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఐదో నెల తర్వాతే మా ఏఎన్ఎంని డిప్యుటేషన్ మీద, అంటే పోస్టు ఇక్కడే ఉంచి వేరే ఆఫీసు పనికి, లాక్కెళ్లారు.

స్ట్రెచర్ ఆ మెట్ల మీద తిరగదు. నలుగురు కుర్రాళ్లు ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చున్నీతో కట్టి, వానలో జారుతూ కిందికి దించారు. నేను వెనక టార్చి పట్టుకున్నాను. 108 కింద రోడ్డు మీద సిద్ధంగా ఉంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు, పిలిచిన పావుగంటకే వచ్చింది. పెద్దాసుపత్రిలో తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి ఆరో నెల, ఏడో నెల పరీక్షలు యాప్‌లో జరిగినట్టే ఉన్నాయి. బీపీ అంకెలు కూడా ఉన్నాయి, అవి చక్కగా ఉన్నాయి. ఆ అంకెలు ఎవరు ఎక్కించారో నేను అడగలేదు. రెండు ఏరియాల పని ఒక్కర్తే చేస్తూ, గడి నింపకపోతే మర్నాడు గ్రూపులో అందరి ముందూ పేరు చదువుతారన్న టెన్షన్‌లో ఉన్న పిల్ల ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ పిల్లను సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటారేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. బీపీ మిషన్ ఒకటి, మూత్రం పరీక్ష స్ట్రిప్పులు కొన్ని, మెట్లెక్కే మనిషి ఒకరు ఉండి ఉంటే వాపు మొదలైనప్పుడే తెలిసేది, మందులు పడేవి.

5. టీబీ, బీపీ, షుగర్ గురించి పెద్దగా రాయను. టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. రెండో నెలకు జ్వరం, దగ్గు తగ్గగానే కుర్రాళ్లు ఆపేస్తారు. ఆపొద్దని గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి కావాలి. మెట్లు దిగలేని ముసలివాళ్లు ఖాళీ అయిన మాత్రల అట్ట మనవడికి ఇచ్చి పంపుతున్నారు. మనవడు ఏ రంగు మాత్ర తెస్తే అది వేసుకుంటున్నారు.

6. వరదల అనుభవం కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మర్నాడు బుడమేరు వాగు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల మీద పడింది. ఆ రోజుల్లో వైద్య శిబిరాలు పెట్టడంలో, బయటి నుంచి సిబ్బందిని దించడంలో మీరు చేసిన పని తక్కువది కాదు. నేనూ ఒక శిబిరంలో వారం రోజులు మాత్రలు పంచాను. సొంత ఇల్లు నీళ్లలో ఉండగా డ్యూటీకి వచ్చిన ఆశాలను కళ్లారా చూశాను. కానీ మునగని ఏరియాల నుంచి మనుషుల్ని లాగినప్పుడు ఆ ఏరియాలకు ఎవరు దిక్కని ఆలోచించినట్టు లేదు. మా దగ్గర వరసగా రెండు బుధవారాలు టీకాలు పడలేదు. కావాలనుకుంటే రెండు మూడు రోజుల్లో మనుషుల్ని ఇక్కడి నుంచి అక్కడికి పంపగలరని మాత్రం అప్పుడే అర్థమైంది. మామూలు రోజుల్లో ఒక్క ఏఎన్ఎంని వెనక్కి పంపడానికి ఎనిమిది నెలలు ఎందుకు పడుతోంది?

7. జనాభా లెక్క పాతది. నగరానికి ఇప్పటికీ చెప్పే అంకె 2011 జనగణనది, పది లక్షల పైచిలుకు. 2021లో జరగాల్సింది జరగలేదు. తర్వాతిది 2027 మార్చి 1 ప్రాతిపదికగా అన్నారు, ఆ వివరాలు మీ బల్ల మీదికి వచ్చేసరికి ఇంకెంత కాలమో. 2011లో మా కొండ మీద చివరి మూడు వరసలు లేవు. అప్పటికి అక్కడ ఇళ్లే లేవు, తుమ్మ చెట్లు ఉండేవి. లెక్కలో లేనివాళ్లకు మనిషిని ఎలా ఇస్తారు? కానీ ఏఎన్ఎంల దగ్గర ఉండే ఇంటింటి రిజిస్టర్‌లో, సచివాలయం సర్వేలో వాళ్ల పేర్లు ఉన్నాయి. మీ చేతిలో ఉన్న లెక్కే మీరు వాడటం లేదు.

8. ఒక ఏఎన్ఎంకి ఎంతమంది పెద్దలు? హాజరు సచివాలయంలో. పని చెప్పేది మెడికల్ ఆఫీసర్. దోమల సర్వేకి, మంచినీళ్ల శాంపిళ్లకు నగరపాలక వాళ్లు పిలుస్తారు. పెన్షన్ల పనో, ఇంకేదో సర్వేనో వస్తే అదీ ఆమెకే. ఎవరికి వాళ్లు 'అర్జెంట్' అంటారు. అందరి అర్జెంట్లూ అయ్యాక మిగిలిన టైములో మెట్లెక్కాలి.

'ప్రభుత్వానికి డబ్బులు లేవు, కొత్త పోస్టులు రావు' అని మీరు అంటారని తెలుసు. కొత్త పోస్టులు తర్వాత మాట్లాడదాం. ఉన్నవాళ్లను సరిగా పంచండి. మెయిన్ రోడ్డు పక్కన, బస్సు దిగగానే ఉండే ఒక సెంటర్‌కి మొన్న పని మీద వెళ్లాను. ఒక బల్ల చుట్టూ నలుగురు ఏఎన్ఎంలు ఉన్నారు. ఇద్దరికి పని ఉంది, ఇద్దరికి కుర్చీ ఉంది. ఎవరి సిఫార్సు మీద ఎవరు వచ్చారో నాకు అనవసరం. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లా విడిపోయినప్పుడు సిబ్బందిని కొత్తగా పంచుకునే మంచి అవకాశం వచ్చింది. మా వైపు చూస్తే ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఉండిపోయారు.

సిబ్బంది వైపు నుంచి కూడా ఒక మాట. కొండ ఏరియా ఎవరూ కోరుకోరు, అందులో వింత లేదు. ఐదో నెల గర్భంతో వ్యాక్సిన్ క్యారియర్ మోసిన పిల్లలను చూశాను. పైన ఒక్క చోట కూడా ఆడవాళ్లు వాడుకునే బాత్‌రూమ్ లేదు. సాయంత్రం అయితే కొన్ని సందుల్లో తాగి కూర్చునేవాళ్ల మధ్య నుంచి రావాలి. ఒకసారి కొండకు పడితే పదేళ్లు అక్కడే అన్న భయంతోనే డిప్యుటేషన్ల కోసం తిరుగుతున్నారు. ఆ భయం తీయకుండా ఆర్డర్లు ఎన్ని ఇచ్చినా నిలబడవు.

కాబట్టి మేం అడుగుతున్నవి:

1. ఆఫీసు పనులకు, డేటా ఎంట్రీకి తీసుకెళ్లిన ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ల డిప్యుటేషన్లన్నీ 30 రోజుల్లో రద్దు చేయండి. నిజంగా తప్పనిసరైతే రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి. అందులో ఏ తేదీకి తిరిగి పంపుతారో, అప్పటిదాకా ఆ ఏరియా ఎవరు చూస్తారో ఉండాలి. నోటి మాట డిప్యుటేషన్ ఒక్కటి కూడా ఉండకూడదు.

2. ప్రతి అర్బన్ హెల్త్ సెంటర్ గోడ మీద, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఒక బోర్డు పెట్టండి. మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిలో ఉన్నవాళ్లు ఎవరు, వాళ్లు ఈ నెల ఎక్కడ పనిచేస్తున్నారు. ప్రతి నెలా ఒకటో తేదీన మార్చండి. దీనికి రంగు డబ్బా ఖర్చే.

3. మెట్ల మీద ఉండే ఇళ్లను విడిగా గుర్తించి, ఏజెన్సీ కొండలకు వాడే 3,000 కొలతనే నగరంలో కొండలకూ వాడండి. ఇళ్లు లెక్కపెట్టేటప్పుడు మెట్లూ లెక్కపెట్టండి. 50 మెట్ల మీద ఉన్న ఇల్లూ, 250 మెట్ల మీద ఉన్న ఇల్లూ ఒకటి కాదు.

4. వచ్చే బదిలీల కౌన్సెలింగ్‌కి ముందే పనిభారం లెక్క తీయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికో పద్ధతి ఇచ్చింది, విస్న్ అంటారు, దాని చేతిపుస్తకం 2010లో కొత్తగా వేశారు. ఏడాదిలో ఒక ఉద్యోగికి నిజంగా దొరికే పని గంటలెన్ని, ఒక్కో పనికి పట్టే టైమెంత, ఆ సెంటర్‌లో ఆ పనులెన్ని ఉన్నాయి అని చూసి ఎంతమంది కావాలో తేలుస్తారు. ఉన్నవాళ్లను కావాల్సినవాళ్లతో భాగిస్తే ఒకటి వస్తే సరిపోయినట్టు. ఒకటికి తగ్గితే కొరత, పెరిగితే ఎక్కువమంది ఉన్నట్టు. పైన నేను డైరీ చూసి వేసిన లెక్క కూడా దాదాపు ఇదే. ముందుగా ఒక కొండ ఏరియా, ఒక వరద ముంపు కాలనీ, ఒక మెయిన్ రోడ్డు సెంటర్, ఈ మూడింటికీ తీసి ఆ అంకెలు బయటపెట్టండి.

5. కొండ ఏరియా పోస్టింగ్‌కి రెండేళ్ల గడువు పెట్టండి. గడువు తీరాక కోరుకున్న చోటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. గర్భిణులకు, మోకాళ్ల జబ్బులున్నవాళ్లకు అక్కడ డ్యూటీ వేయొద్దు. పైన ఒక చిన్న గది, బాత్‌రూమ్, టీకాలకు నీడ కట్టించండి.

6. ప్రసూతి సెలవు, దీర్ఘకాలిక సెలవుల కోసం నగరమంతటికీ కలిపి కొంతమందిని రిజర్వులో ఉంచండి. వరదల్లాంటివి వచ్చినప్పుడు ముందు కదలాల్సింది వాళ్లే, టీకాల రోజు కూర్చోవాల్సిన ఏఎన్ఎం కాదు.

7. కొండలకు దగ్గర్లో ఉన్న అర్బన్ సెంటర్లలో వారానికి కనీసం మూడు రోజులు రాత్రి 8 దాకా ఓపీ నడపండి. ఇది మా గొంతెమ్మ కోరిక కాదు, పట్టణ ఆరోగ్య మిషన్ రాసుకున్న సమయమే మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ముఠా కూలీలు, ఆటో డ్రైవర్లు ఇంటికి చేరేది ఆరు దాటాకే.

8. ఏఎన్ఎంకి పని చెప్పే అధికారి ఒక్కరే ఉండాలి. మిగతావాళ్లు ఆయన ద్వారానే అడగాలి.

ఇందులో మొదటి రెండింటికి బడ్జెట్ అక్కర్లేదు, పై అనుమతులూ అక్కర్లేదు. వాటికి 30 రోజులు చాలు. మిగతావాటికి మూడు నెలల్లో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. చేయలేమన్నా ఫర్వాలేదు, కారణం తెలిస్తే దాన్ని తేల్చగలిగే చోటికి మేం వెళ్తాం.

పై వరసల్లో ఉండే 112 కుటుంబాలవాళ్లు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. ఆ కాగితాలు ఈ లేఖ ప్రతితో కలిపి మీకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందులో నాలుగో పేజీలో మూడో వేలిముద్ర ఆ అమ్మాయి అత్తగారిది. ఈసారి జవాబు నా ఫోన్‌కి మెసేజ్‌గా పంపకండి. కాగితం మీద రాసి సెంటర్ గోడకు అంటించండి, చదువు రానివాళ్లకు మేం చదివి వినిపిస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
కొండ మీద కుటుంబాల తరఫున,
విజయవాడ